నవ్వించే గేమ్ రివ్యూ కార్యక్రమం గురించి నిష్పక్షపాతంగా రాయడం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

టెలివిజన్‌లో ప్రసారమైన ఒక వీడియో గేమ్ సమీక్షా కార్యక్రమం గురించి విజ్ఞానసర్వస్వంలో చేర్చదగిన వ్యాసం రాయాలని కూర్చున్నప్పుడు మొదటి పేరా సాఫీగానే సాగిపోతుంది. ఏ ఛానల్‌లో వచ్చింది, ఎవరు నడిపించారు, ఎన్నేళ్లు నడిచింది అన్న సంగతులు రాయడానికి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. రెండో పేరాలో "ఈ కార్యక్రమం హాస్యానికి పేరు పొందింది" అని రాయగానే కలం ఆగిపోతుంది. ఆ హాస్యం బాగుందని మనమే చెబుతున్నామా, చూసినవారు చెప్పారని అంటున్నామా? నవ్వు పుట్టించడం కోసం గేమ్‌లను అన్యాయంగా చీల్చి చెండాడారని వచ్చిన విమర్శను ఎక్కడ పెట్టాలి? దానికి ఎంత చోటివ్వాలి? వ్యాఖ్యాతల చెణుకులను ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాస్తే వ్యాసం అభిమానుల పత్రికలా తయారవుతుంది. పూర్తిగా వదిలేస్తే ఆ కార్యక్రమం ఎందుకు అంతమందిని కట్టిపడేసిందో చదివేవారికి అర్థం కాదు.

ఈ చిక్కును దశలవారీగా ఎలా విప్పుకోవాలో ఇక్కడ వివరిస్తాను. నేను గట్టిగా నమ్మే మాట ఒకటుంది, దాని మీదే ఈ మార్గదర్శి అంతా నిలబడి ఉంది. హాస్యం ఉన్నంత మాత్రాన సమీక్ష పక్షపాతం అయిపోదు, గంభీరంగా ఉన్నంత మాత్రాన నిష్పక్షపాతం అనిపించుకోదు. చూడవలసింది ప్రతి చెణుకు కింద తెర మీద కనిపించే ఆధారం ఉందా లేదా అన్నదే.

మొదటి దశ: ఎవరి తటస్థత గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవడం

"ఈ షో తటస్థంగా లేదు" అనే ఫిర్యాదులో సాధారణంగా మూడు వేర్వేరు ఫిర్యాదులు కలిసిపోయి ఉంటాయి. సమీక్షకులు ప్రచురణ సంస్థల ఒత్తిడికి లొంగారన్నది ఒకటి, ఇది స్వతంత్రతకు సంబంధించినది. గేమ్‌ను సరిగా ఆడకుండా, దాని లోపాలనే ఎత్తి చూపి వెక్కిరించారన్నది రెండోది, ఇది న్యాయానికి సంబంధించినది. కార్యక్రమం గురించి రాసిన వ్యాసమే ఒక పక్కకు ఒరిగిందన్నది మూడోది, ఇది మన పనికి సంబంధించినది. వీటిని విడదీయకుండా చర్చ మొదలుపెడితే ఒకరు స్పాన్సర్ల గురించి, మరొకరు జోకుల గురించి, ఇంకొకరు వాక్యనిర్మాణం గురించి మాట్లాడుతూ ఎవరి దారిన వారు పోతారు.

సమీక్ష అంటేనే అభిప్రాయం. అభిప్రాయం చెప్పే మనిషిని తటస్థంగా ఉండమనడం పాటగాడిని గొంతు విప్పొద్దనడంలాంటిది. బ్రిటన్‌లో ప్రసారాలను నియంత్రించే ఆఫ్‌కామ్ నియమావళి కూడా నిష్పాక్షికతను వార్తలకు, రాజకీయ, పారిశ్రామిక వివాదాలకు, ప్రభుత్వ విధానాలకు సంబంధించిన అంశాల్లోనే తప్పనిసరి చేస్తుంది. ఒక గేమ్‌కు ఎన్ని మార్కులు వేయాలన్నది అందులోకి రాదు. కాబట్టి సమీక్షకుడి నుంచి మనం ఆశించదగినవి స్వతంత్రత, న్యాయం. తటస్థత అన్నది ఆ సమీక్షకుడి గురించి రాసే మన మీద పడే బాధ్యత. ఈ తేడాను ఒక కాగితం మీద రాసుకుని ఎదురుగా పెట్టుకోండి, ముందుకు వెళ్లేకొద్దీ ఇది చాలాసార్లు అక్కరకొస్తుంది.

రెండో దశ: కాలక్రమాన్ని పేర్చుకోవడం

హాస్యం గురించి ఒక్క మాట రాయకముందే కార్యక్రమపు చరిత్రను సంవత్సరాల వారీగా పేర్చుకోవాలి. ఎందుకంటే ఇలాంటి కార్యక్రమాలు పేరు మారుస్తాయి, చేతులు మారతాయి, వ్యాఖ్యాతలు మారతారు, వాటితోపాటే స్వభావమూ మారుతుంది.

అమెరికాలో వచ్చిన ఎక్స్-ప్లేను ఉదాహరణగా తీసుకుందాం. అది 1998లో జెడ్‌డీటీవీ అనే కేబుల్ ఛానల్‌లో గేమ్‌స్పాట్ టీవీ అన్న పేరుతో మొదలైంది. ఆ ఛానల్‌ను స్థాపించిన జిఫ్-డేవిస్ సంస్థ చేతిలోనే అప్పట్లో గేమ్‌స్పాట్ అనే గేమ్ సమీక్షల వెబ్‌సైట్ కూడా ఉండేది. తర్వాత ఛానల్ వేరే యాజమాన్యం కిందికి వెళ్లి 2000లో టెక్‌టీవీగా మారింది, అదే ఏడాది గేమ్‌స్పాట్ సీనెట్ సంస్థ చేతికి చేరింది, కార్యక్రమం 2001లో ఎక్స్‌టెండెడ్ ప్లే అయింది. 2003లో ఎక్స్-ప్లేగా పేరు మార్చుకున్నప్పుడు మొదటినుంచీ ఉన్న వ్యాఖ్యాత ఆడమ్ సెస్లర్‌కు తోడుగా మోర్గాన్ వెబ్ వచ్చారు. 2004లో కామ్‌కాస్ట్ సంస్థ టెక్‌టీవీని కొని తన జీ4 ఛానల్‌లో కలిపేసింది. 2012లో సెస్లర్ వెళ్లిపోయారు, 2013 జనవరిలో కార్యక్రమం ముగిసింది.

ఈ వరుస చూస్తే "ఎక్స్-ప్లే హాస్యం" అనే మాట ఎంత వదులుగా ఉందో తెలుస్తుంది. 1998లో కొత్త గేమ్‌ల విశేషాలు చెప్పిన కార్యక్రమమూ, స్కిట్లతో నిండిన 2005 నాటి కార్యక్రమమూ ఒకటి కాదు. "కార్యక్రమం వెటకారంగా ఉండేది" అని పదిహేనేళ్లకూ కలిపి ఒకే ముద్ర వేస్తే అది తప్పుడు సమాచారం అవుతుంది. ఏ పేరుతో ఉన్నప్పుడు, ఎవరు నడిపినప్పుడు, ఏ యాజమాన్యం కింద అన్నది ప్రతి వ్యాఖ్యకూ జోడించి రాసుకోవాలి.

ఆస్ట్రేలియాలో ఏబీసీ అనే ప్రభుత్వ ప్రసార సంస్థ ప్రసారం చేసిన గుడ్ గేమ్ విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. అది 2006 నుంచి 2016 వరకు నడిచింది, ఆ మధ్యలో ఇద్దరు మొదటి వ్యాఖ్యాతలూ మారారు. 2010లో జంగ్లిస్ట్ అనే పేరుతో కనిపించిన వ్యాఖ్యాత స్థానంలో హెక్స్‌గా పరిచితురాలైన స్టెఫనీ బెండిక్సెన్ వచ్చినప్పుడు ప్రేక్షకుల్లో పెద్ద దుమారమే రేగింది. అలాంటి మార్పుకు ముందు రాసిన అభిప్రాయాన్ని మార్పు తర్వాతి కార్యక్రమానికి అంటగడితే చదివేవారిని తప్పుదారి పట్టించినట్టే.

మూడో దశ: నోట్‌బుక్ పక్కన పెట్టుకుని చూడటం

ఈ పనంతటిలో అసలు శ్రమ ఇక్కడే ఉంది. చాలామంది ఈ దశను దాటవేసి జ్ఞాపకం మీద ఆధారపడతారు. జ్ఞాపకం జోకును పట్టుకుంటుంది, దాని ముందూ వెనకా ఉన్న వివరణను జారవిడుస్తుంది. నాకే ఇది అనుభవమైంది. ఒక కార్యక్రమంలో ఒక గేమ్‌ను దారుణంగా ఏకిపారేశారని ఏళ్ల తరబడి అనుకుంటూ వచ్చాను, ఒక వ్యాసంలో అలాగే రాశాను కూడా. మళ్లీ ఆ భాగం దొరికి చూస్తే ఆ వెక్కిరింత మొత్తం ఇరవై సెకన్లకు మించి లేదు, మిగతా సమీక్ష మెచ్చుకోలే, మార్కులూ బాగానే వేశారు. ఆ వాక్యాన్ని సరిదిద్దడానికి నాకు ఒక పూట పట్టింది, దాన్ని నమ్మి వేరొకరు తమ వ్యాసంలో వాడుకున్నారని తెలిసినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ ఉంది.

కాబట్టి ఒక సమీక్షా భాగాన్ని తీసుకోండి. అలాంటి భాగాలు సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటాయి. నోట్‌బుక్‌లో పేజీని నాలుగు నిలువు గడులుగా గీసుకోండి. మొదటి గడిలో సమయం, రెండో గడిలో వ్యాఖ్యాత అన్న మాట, మూడో గడిలో ఆ క్షణంలో తెర మీద కనిపించిన గేమ్‌ప్లే, నాలుగో గడిలో ఆ మాట నుంచి జోకును తీసేస్తే మిగిలే విషయం రాయండి.

ఒక కల్పిత ఉదాహరణతో చూద్దాం. ఒక యాక్షన్ గేమ్ సమీక్షలో వ్యాఖ్యాత ఇలా అన్నారనుకోండి: "ఈ కెమెరాకు హీరో అంటే గిట్టదు కాబోలు, శత్రువు వచ్చిన ప్రతిసారీ గోడను చూస్తూ నిలబడుతుంది." అదే సమయంలో తెర మీద పాత్ర ఒక ఇరుకు నడవాలో దెబ్బలు తింటూ ఉంటుంది, తెర సగానికి పైగా రాతిగోడే కనిపిస్తుంది. నాలుగో గడిలో ఏం రాస్తారు? "ఇరుకు చోట్లలో కెమెరా సరిగా తిరగదు, శత్రువు కనిపించడు." ఇది పరీక్షించదగిన విమర్శ. జోకు దాన్ని మోసుకొచ్చిన వాహనం మాత్రమే.

తర్వాతి మాట: "దీన్ని తయారు చేసినవాళ్లు నిద్రపోతూ చేసి ఉంటారు." తెర మీద మామూలు పోరాట దృశ్యం నడుస్తోంది, లోపమేదీ కనిపించడం లేదు. నాలుగో గడి ఖాళీగా ఉండిపోతుంది. ఈ జోకు ఆధారం లేకుండా గాలిలో వేలాడుతోంది.

ఆ తర్వాత: "ఇలాంటివి కొనుక్కునేవాళ్లకు ఇంకేం పని లేదు." ఇక్కడ గురి గేమ్ మీద నుంచి ఆడేవారి మీదికి మళ్లింది. నాలుగో గడిలో గేమ్ గురించి రాయడానికి ఏమీ లేదు, అయినా ఎవరో ఒకరిని నొప్పించే మాట మాత్రం ప్రసారమైంది.

ఇలా పది, పదిహేను సమీక్షలు వేర్వేరు సంవత్సరాల నుంచి తీసుకుని గడులు నింపితే కార్యక్రమం స్వభావం మన కళ్లముందే రూపు కడుతుంది. నాలుగో గడి ఎక్కువసార్లు నిండితే "హాస్యం కోసం సమీక్షను బలిపెట్టారు" అనే ఆరోపణ నిలవదు. ఖాళీలు ఎక్కువగా ఉంటే ఆ ఆరోపణలో పస ఉందని అర్థం. ఏ ఎపిసోడ్లను చూడాలో ఎంచుకునేటప్పుడు ప్రఖ్యాతమైన వాటినే ఏరుకోకూడదు. తిట్లకు పేరుపడిన ఎపిసోడ్లు అందరూ దాచుకుంటారు, మామూలు వారపు ఎపిసోడ్లు మరుగున పడతాయి, నిజమైన కొలత మాత్రం ఆ మామూలు వాటిలోనే దొరుకుతుంది. వరుసగా వచ్చిన నాలుగు వారాలను తీసుకోవడం మంచి పద్ధతి.

ఒకసారి శబ్దం పూర్తిగా తీసేసి కూడా చూడండి. గేమ్‌ప్లే దృశ్యాలు ఒకే స్థాయి నుంచి, అదీ మొదటి స్థాయి నుంచే తీసుకున్నారా, చివరిదాకా ఆడినట్టు కనిపిస్తోందా అన్నది మాటల సందడి లేనప్పుడు ఇట్టే తెలిసిపోతుంది.

నాలుగో దశ: హాస్యంలోని రకాలను విడదీయడం

"హాస్యం" అనే ఒక్క మాటతో సరిపెట్టకూడదు. సమీక్షలో అల్లుకున్న చెణుకు వేరు, సమీక్షల మధ్యలో వచ్చే స్కిట్ వేరు, వ్యాఖ్యాతలు ఒకరినొకరు ఆటపట్టించుకోవడం వేరు, ద్వంద్వార్థం వేరు.

ఎక్స్-ప్లేలో జెల్డా గేమ్‌ల కథానాయకుడు లింక్‌ను తాగుబోతుగా చూపిన పాత్ర వంటి వాటితో స్కిట్లు వచ్చేవి. ఇవి గేమ్ సంస్కృతి మీద పేరడీలు, ఏ గేమ్‌కూ తీర్పు ఇవ్వవు. వీటిని చూపించి సమీక్షలు పక్షపాతంగా ఉన్నాయనడం తర్కానికి నిలవదు. వీటివల్ల సమీక్షలకు కేటాయించిన సమయం తగ్గిందా అని అడగవచ్చు. అది గడియారంతో కొలిచి తేల్చదగిన ప్రశ్న, కాబట్టి కొలిచి రాయండి.

బ్రిటన్‌లో 1992 నుంచి 1998 వరకు ఛానల్ 4లో వచ్చిన గేమ్స్‌మాస్టర్‌ది మరో దారి. దాని ప్రధాన వ్యాఖ్యాత డొమినిక్ డైమండ్ ద్వంద్వార్థపు మాటలకు పేరుమోశారు. అదే కార్యక్రమంలో ఖగోళ శాస్త్ర వ్యాఖ్యాతగా దశాబ్దాలుగా దేశమంతటికీ తెలిసిన పాట్రిక్ మూర్ తల మాత్రమే తెర మీద కనిపిస్తూ, ఆటగాళ్లకు గంభీరంగా చిట్కాలు చెప్పేవారు. ఆ ఇద్దరి మధ్య ఉన్న తేడాలోనే సగం నవ్వు పుట్టింది. ఇక్కడ రేగిన అభ్యంతరం సమీక్షల న్యాయం గురించి కాదు, పిల్లలు చూసే కార్యక్రమంలో అలాంటి మాటలు తగునా అన్నది. ఈ రెండు అభ్యంతరాలను ఒకే "విమర్శలు" విభాగంలో కలిపేస్తే చదివేవారికి ఏది దేనికి సంబంధించిందో తెలియదు.

ఎవరి మీద జోకు వేశారన్నది కూడా గమనించాలి. పెద్ద ప్రచురణ సంస్థ భారీ ప్రచారంతో విడుదల చేసిన గేమ్ మీద వేసిన చెణుకూ, పదిమంది కూడా లేని బృందం చేసిన చిన్న గేమ్ మీద వేసిన చెణుకూ ప్రేక్షకుడికి ఒకేలా వినిపించవచ్చు, కానీ ఫలితం ఒకేలా ఉండదు. కార్యక్రమం ఎక్కువగా ఎవరిని గురిచూసిందో మీ నోట్‌బుక్ చెబుతుంది. పెద్ద సంస్థలను ముద్దుచేస్తూ చిన్నవారినే వెక్కిరించినట్టు తేలితే అది తప్పక రాయదగిన విషయం.

అయిదో దశ: మార్కులను వాటి కొలబద్దతోనే చదవడం

తటస్థత గురించిన గొడవల్లో అధిక భాగం మార్కుల చుట్టూనే తిరుగుతాయి. ఇక్కడ చిన్న అజాగ్రత్త కూడా పెద్ద అన్యాయానికి దారితీస్తుంది.

ఎక్స్-ప్లే ఒకటి నుంచి అయిదు వరకు, సగాలు లేకుండా మార్కులు ఇచ్చేది. గేమ్స్‌మాస్టర్‌లో శాతాలు. గుడ్ గేమ్‌లో ఇద్దరు వ్యాఖ్యాతలూ ఎవరికి వారు పదికి మార్కులు వేసేవారు, ఇద్దరికీ కుదరనప్పుడు ఆ తేడా తెర మీదే కనిపించేది. అయిదింటికి మూడు అంటే "బాగానే ఉంది, ఈ తరహా ఇష్టమైతే ఆడవచ్చు" అని ఆ కొలబద్ద అర్థం. అదే మూడును, వేర్వేరు సమీక్షల మార్కులను ఒకచోట చేర్చి సగటు చూపే మెటాక్రిటిక్ వంటి వెబ్‌సైట్‌లో నూటికి లెక్కగడితే 60 అవుతుంది. గేమ్ పత్రికల్లో నూటికి 60 అంటే దాదాపు తిరస్కరించినట్టే చదువుతారు, ఎందుకంటే అక్కడ ఓ మాదిరి గేమ్‌కే డెబ్బై దాటి మార్కులు పడటం అలవాటు. సమీక్షకుడు చెప్పింది ఒకటి, పట్టికలో కనిపించేది మరొకటి. సెస్లర్ ఈ మార్పిడి పద్ధతి మీద బహిరంగంగానే మండిపడ్డారు.

కాబట్టి "ఈ కార్యక్రమం మిగతా విమర్శకుల కంటే కఠినంగా ఉండేది" అని రాయబోయే ముందు ఆగి చూడండి. ఆ కఠినత్వం వ్యాఖ్యాతల మాటల్లో ఉందా, కొలబద్దను మార్చడంలో పుట్టిందా? మార్కులను ఎప్పుడూ వాటి సొంత కొలబద్దలోనే ఉదహరించండి, పక్కనే ఆ మార్కుకు కార్యక్రమం చెప్పుకున్న అర్థాన్నీ రాయండి.

హాస్యానికీ మార్కులకూ మధ్య పొంతన చూడటం కూడా ఇక్కడే చేయాలి. మూడు నిమిషాలపాటు నవ్వుతూ వెక్కిరించి చివర్లో అయిదింటికి నాలుగు ఇస్తే ప్రేక్షకుడు ఏది నమ్మాలి? అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాయవచ్చు, ఎందుకన్నది మాత్రం మనం ఊహించి రాయకూడదు.

ఆరో దశ: డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో చూడటం

టెలివిజన్‌లో గేమ్ సమీక్షకు ఒక పుట్టుచిక్కు ఉంది. సమీక్షించే గేమ్‌ను తయారుచేసిన సంస్థే చాలాసార్లు సమీక్షల మధ్య వచ్చే ప్రకటనలకు డబ్బు చెల్లిస్తుంది. గేమ్‌ల కోసమే పుట్టిన ఛానల్‌లో ఇది మరీ ఎక్కువ. ముందస్తు కాపీలు, ఫలానా తేదీ దాకా మాట్లాడకూడదన్న షరతులు, స్టూడియో సందర్శనలు కూడా ఆ సంస్థల చేతిలోనే ఉంటాయి. ఇదంతా ఉన్నంత మాత్రాన సమీక్ష అమ్ముడుపోయిందని కాదు. ఈ ఏర్పాటును చదివేవారికి తెలియజేయడం మాత్రం మన పని.

ప్రభుత్వ నిధులతో నడుస్తూ తన ఛానళ్లలో వాణిజ్య ప్రకటనలు వేయని ఏబీసీలో వచ్చిన గుడ్ గేమ్‌కూ, ప్రకటనల మీద నడిచిన జీ4లోని ఎక్స్-ప్లేకూ ఈ విషయంలో పోలికే లేదు. ఒకదాని మీద వచ్చిన అనుమానాన్ని రెండోదానికి పూయకూడదు. గేమ్స్‌మాస్టర్ విషయంలో ఒక సంగతి నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. మూడో సీజన్‌కు మెక్‌డొనాల్డ్స్ స్పాన్సర్‌గా రావడం నచ్చక డైమండ్ ఆ సీజన్ నుంచి తప్పుకున్నారు, ఆయన స్థానంలో డెక్స్టర్ ఫ్లెచర్ వచ్చారు, నాలుగో సీజన్‌కు డైమండ్ తిరిగొచ్చారు. తెర మీద అందరికంటే అల్లరిగా మాట్లాడిన మనిషి స్పాన్సర్ విషయంలో అంత పట్టుదలగా ఉన్నాడు. హాస్యానికీ నిజాయితీకీ వైరం ఉందనుకునేవారు ఈ ఒక్క సంగతి దగ్గర కాసేపు ఆగాలి.

గంభీరమైన రాతలోనూ ఒత్తిడి పనిచేయగలదని తెలియడానికి 2007 నాటి ఉదంతం చాలు. గేమ్‌స్పాట్ సంపాదకుడు జెఫ్ గెర్స్‌ట్‌మన్ ఆ ఏడాది ఉద్యోగం కోల్పోయారు. ఆయన కేన్ అండ్ లించ్ అనే గేమ్‌కు పదికి ఆరు వేసిన సమయంలోనే ఆ గేమ్ ప్రకటనలు అదే చోట పెద్ద ఎత్తున నడుస్తున్నాయి. ప్రకటనదారుల ఒత్తిడికీ తన తొలగింపుకూ సంబంధం ఉందని ఆయన 2012లో బహిరంగంగా చెప్పగలిగారు. అంటే అయిదేళ్లపాటు ఆ విషయం అనుమానంగానే ఉండిపోయింది. ఆ అయిదేళ్లలో వ్యాసం రాసినవారు అనుమానాన్ని అనుమానంగానే రాసి ఉంటే సరిగా చేసినట్టు, నిజంగా రాసి ఉంటే అది తర్వాత నిజమని తేలినా తప్పే. డబ్బు తీసుకున్న సంగతి దాచిపెట్టడం మాత్రం అనుమానం కాదు, తేల్చదగిన విషయం. 2014లో షాడో ఆఫ్ మోర్డార్ గేమ్ ప్రచారానికి వీడియోలు చేసేవారికి చెల్లింపులు జరిగిన సంగతి తగినంతగా వెల్లడించలేదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వార్నర్ బ్రదర్స్ మీద అభియోగం మోపి, 2016లో రాజీ ఒప్పందం కుదుర్చుకుంది. మీరు రాస్తున్న కార్యక్రమం గురించి ఇలాంటి అధికారిక నిర్ణయం ఏదైనా ఉందా అని ముందు చూడండి, లేకపోతే ఆ విభాగాన్ని కుదించండి.

ఏడో దశ: వాక్యాలను తూచి రాయడం

ఇక రాత. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటే: హాస్యం గురించి రాస్తూ తామూ హాస్యం ఆడబోవడం. వ్యాఖ్యాతల ధోరణి చదివి చదివి, విని విని మన వాక్యాలకు కూడా ఆ యాస అంటుకుంటుంది. అది సహజమే, కానీ దిద్దుకోవాలి. హాస్యాన్ని వర్ణించే వాక్యం తాను నవ్వకూడదు.

ఈ వాక్యం చూడండి: "తమదైన చురుకైన, నవ్వు ఆపుకోలేని హాస్యంతో వ్యాఖ్యాతలు చెత్త గేమ్‌ల పని పట్టేవారు." ఇందులో నాలుగు తీర్పులు దాక్కున్నాయి. చురుకైనది అన్నది మన మెప్పు. నవ్వు ఆపుకోలేమన్నది మన అనుభవం. చెత్త గేమ్‌లు అన్నది వ్యాఖ్యాతల తీర్పును మన తీర్పుగా మార్చేసుకోవడం. పని పట్టేవారు అనడంలో వారు గెలిచారన్న ధ్వని ఉంది.

అదే విషయాన్ని ఇలా రాయవచ్చు: "వ్యాఖ్యాతలు తమకు నచ్చని గేమ్‌ల లోపాలను ఎక్కువగా వ్యంగ్యంతో చెప్పేవారు, ఉదాహరణకు 2004లో ప్రసారమైన ఒక సమీక్షలో కెమెరా లోపాన్ని వరుసగా మూడు దృశ్యాలతో చూపుతూ ఎగతాళి చేశారు." చదివేవారికి ఇప్పుడు ఏం జరిగిందో తెలిసింది, నవ్వాలో వద్దో వారే నిర్ణయించుకుంటారు. ఇందులో ఏడాది, దృశ్యాల సంఖ్య నేను నమూనాకు పెట్టినవి, మీ వాక్యంలో అవి మీ నోట్‌బుక్‌లోంచి రావాలి.

ఎదుటి పక్షం వాక్యాన్నీ ఇదే తక్కెడలో పెట్టాలి: "చవకబారు జోకులతో సమీక్షను అపహాస్యం చేసిన కార్యక్రమం." చవకబారు అన్నది ఎవరి మాట? ఒక పత్రికా విమర్శకుడు అన్న మాటైతే ఆయన పేరుతో, ఏడాదితో, ఆయన మాటలుగానే రాయండి. ఎవరూ అనలేదంటే అది మీ మాటే, తీసేయండి.

క్రియాపదాల మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచండి. "అన్నారు", "చెప్పారు" అనేవి ఎటూ మొగ్గని క్రియలు. "బయటపెట్టారు" అంటే అది నిజమని మనం ఒప్పుకున్నట్టు. "ఆరోపించారు" అంటే నమ్మడం లేదని సూచించినట్టు. "ఒప్పుకున్నారు" అంటే తప్పు చేశారని ముందే తేల్చినట్టు. ఒక వ్యాఖ్యాత తన సమీక్ష గురించి తర్వాత మాట్లాడిన సందర్భంలో "ఒప్పుకున్నారు" అని రాయడమే వివాదానికి చాలు. "అందరూ", "చాలామంది అభిమానులు", "విమర్శకుల అభిప్రాయం ప్రకారం" వంటి మాటలు వాడినప్పుడల్లా ఎవరు అన్న ప్రశ్న వేసుకోండి. జవాబు పేరుతో రాకపోతే వాక్యం నిలవదు.

చెణుకులను ఎన్ని ఉదహరించాలన్నది తరచూ వచ్చే సందేహం. హాస్యం తీరు తెలియడానికి ఒకటి, గరిష్ఠంగా రెండు చాలు, అవి కూడా నాలుగో గడి నిండినది ఒకటి, ఖాళీగా మిగిలినది ఒకటి అయితే రెండు ముఖాలూ కనిపిస్తాయి. జోకును ఎత్తి రాసి ఊరుకోకుండా అది ఏ గేమ్ గురించి, తెర మీద ఏముంది, చివరికి ఏ మార్కు వేశారు అన్నవి జోడించాలి. సందర్భం లేని చెణుకు అభిమానికి తీపిగా, విరోధికి ఆయుధంగా పనికొస్తుంది, మూడోవారికి దేనికీ పనికిరాదు.

ఎనిమిదో దశ: పాత హాస్యాన్ని ఇప్పటి కళ్లతో చూసేటప్పుడు

ఇరవై ఏళ్ల కిందటి గేమ్ కార్యక్రమాల్లో ఆడవాళ్ల మీద, శరీరాకృతి మీద, గేమ్‌లు ఆడేవారి ఒంటరితనం మీద వేసిన జోకులు ఇప్పుడు చూస్తే మనసు చివుక్కుమంటుంది. మహిళా వ్యాఖ్యాతలను గేమ్ పరిజ్ఞానం కంటే రూపాన్ని బట్టి అంచనా వేసిన ప్రేక్షక వ్యాఖ్యలు కూడా ఆ కాలపు సామగ్రిలో కుప్పలుగా కనిపిస్తాయి. వీటిని దాచడం తటస్థత కాదు. అలాగని మన కోపాన్ని కథనం నోట పలికించడమూ తటస్థత కాదు. ఆ మాట ఎప్పుడు ప్రసారమైంది, అప్పుడు ఎవరు అభ్యంతరం చెప్పారు, తర్వాత ఎవరు చెప్పారు, కార్యక్రమం వారు ఏమైనా స్పందించారా అన్న నాలుగూ వరుసగా రాస్తే చాలు. వ్యాఖ్యాతల రూపం గురించిన వాక్యాలను వ్యాసంలోకి రానివ్వకూడదని నా గట్టి అభిప్రాయం. వారి పని గురించి చెప్పడానికి అవి ఏ రకంగానూ తోడ్పడవు.

తొమ్మిదో దశ: ఇద్దరితో చదివించడం

రాత పూర్తయ్యాక ఆ కార్యక్రమాన్ని ప్రేమించే ఒకరితో, అది గిట్టని ఒకరితో విడివిడిగా చదివించండి. మార్పులు చెప్పమని అడగవద్దు, ఎక్కడ కోపం వచ్చిందో ఆ వాక్యం కింద గీత గీయమనండి. ఇద్దరూ వేర్వేరు చోట్ల గీసినంతవరకు కంగారుపడనక్కర్లేదు, ఆ చోట్లకు ఆధారం ఉందో లేదో చూసుకుంటే సరిపోతుంది. ఇద్దరూ ఒకే వాక్యం కింద గీస్తే మాత్రం ఆ వాక్యంలో మనకు తెలియకుండా మన గొంతు దూరి ఉంటుంది.

చివరగా మీ సొంత పాత అభిమానాన్ని ఒకసారి నిలదీయండి. చిన్నప్పుడు ఆ కార్యక్రమం కోసం ఎదురుచూసినవారికి అది ఎక్కడ ఆగిందో అక్కడే ప్రపంచం ఆగినట్టుంటుంది, ముగింపు గురించిన పేరాలో ఆ బెంగ వచ్చి చేరుతుంది. ఎక్స్-ప్లే గురించి రాసే ప్రతివారూ సెస్లర్ నిష్క్రమణ దగ్గర ఈ పరీక్షను ఎదుర్కొంటారు. ఆ పేరాలో 2012, 2013 అనే రెండు సంవత్సరాలు, ఎవరు వెళ్లారు, ఎవరు మిగిలారు, చివరి ఎపిసోడ్ ఎప్పుడు వచ్చింది అన్నవి ఉంచి, విశేషణాలన్నీ ఒక్కొక్కటిగా కొట్టివేసి, మిగిలినదాన్ని పైకి చదివి వినండి.